జబ్బు చేసిన పాముకు సరైన వైద్యం: ఇంజెక్షన్ కంటే ముందు రావాల్సిన ప్రశ్నలు

కుక్కకు ఒంట్లో బాగోకపోతే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. గిన్నె ముట్టదు, పిలిస్తే తోక ఊపదు, మంచం కిందికి దూరుతుంది. పాముతో ఆ సౌకర్యం లేదు. ఆరోగ్యంగా ఉన్న పాము కూడా రోజంతా మూలన చుట్ట చుట్టుకునే ఉంటుంది. వారాల తరబడి తినకపోవడం దానికి కొత్త కాదు. మూలగదు, కుంటుదామన్నా కాళ్లు లేవు. పైగా అడవిలో నీరసంగా కనబడిన జీవి మరో జీవి నోట్లో పడుతుంది కాబట్టి, నలతను ఆఖరి దాకా బయటపడనివ్వకపోవడం పాము పుట్టుకతో తెచ్చుకున్న గుణం. పెంచుకునేవాళ్ల కంటికి "ఏదో తేడాగా ఉందే" అని ఆనేసరికి జబ్బు మొదలై చాలా వారాలే అయి ఉండొచ్చు.

అప్పుడు డాక్టర్ కోసం వేట మొదలవుతుంది. వెటర్నరీ చదువులో ఆవులు, గుర్రాలు, కుక్కలు, పిల్లులదే పెద్ద పీట. సరీసృపాలకు దక్కేది ఆఖరి బంతి. అందుకే పట్టా చేతికొచ్చిన ప్రతి డాక్టరూ పామును చూడగలరని అనుకోవడానికి లేదు. ఫోన్ చేస్తే "మేం పాముల్ని చూడమండీ" అంటారు కొందరు. వినడానికి బాధగానే ఉంటుంది గానీ, నిజానికి వాళ్లు మేలు చేసినట్టే. చిక్కంతా "తీసుకురండి, చూద్దాం" అని పిలిచి, పామును రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి, కుక్కకిచ్చే యాంటీబయాటిక్‌ను కుక్క లెక్కలోనే పొడిచి పంపే వైద్యంతో వస్తుంది.

ఎవరు ఏ రకమో పట్టుకోవడానికి ఒక కొండగుర్తు ఉంది. పాముల్ని చూడటం వచ్చిన డాక్టర్ పామును చేతిలోకి తీసుకోకముందే దాని పెట్టె గురించి అడుగుతారు. ఏ జాతి? ఎక్కడినుంచి వచ్చింది? వేడి వైపు ఎన్ని డిగ్రీలు, చల్లటి వైపు ఎన్ని? తేమ ఎంత? కింద ఏం పరిచారు? చివరిసారి ఎప్పుడు, ఏం తిన్నది? కుబుసం ఒక్క ముక్కగా ఊడిందా, చీలికలు పేలికలుగా వచ్చిందా? ఇంట్లో ఇంకా పాములున్నాయా? ఆదుర్దాలో ఉన్నవాళ్లకు ఈ విచారణంతా కాలయాపనలా అనిపించొచ్చు. కానీ పెంపుడు పాములకొచ్చే జబ్బుల్లో చాలావాటి మూలం ఆ పెట్టెలోనే ఉంటుంది. ఈ ప్రశ్నలు అడగకుండా సిరంజి తీసే చేతికి పామును అప్పగించకపోవడమే మంచిది.

వేడి సరిగ్గా లేకపోతే మందు పనిచేయదు

పాము ఒంట్లో సొంత పొయ్యి లేదు. మనిషి శరీరం చలిలోనూ ఎండలోనూ 37 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. పాము మాత్రం తన వేడిని బయటినుంచే తెచ్చుకోవాలి. తిన్నది అరగాలన్నా, పుండు మానాలన్నా, సూక్ష్మజీవులతో పోరాడాలన్నా ఒంటికి తగినంత వేడి అందాలి. ప్రతి జాతికీ దానికి నప్పే ఉష్ణోగ్రతల హద్దు ఒకటుంటుంది. ఎక్కువమంది పెంచుకునే బాల్ పైథాన్‌కు పెట్టెలో ఒకవైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండోవైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. కార్న్ స్నేక్‌కు అంతకంటే కొంచెం తక్కువ చాలు. రెండు వైపులా ఒకే వేడి ఉంటే పాముకు ఎంచుకునే వీలు పోతుంది. వేడెక్కాలనుకున్నప్పుడు ఒకవైపు, చల్లబడాలనుకున్నప్పుడు మరోవైపు జరగడమే అది చేయగలిగిన స్వయంవైద్యం.

ఇప్పుడు 23 డిగ్రీల పెట్టెలో నెల రోజులుగా ఉన్న బాల్ పైథాన్‌ను ఊహించుకోండి. రోగనిరోధక శక్తి మందగిస్తుంది. నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియాయే ఊపిరితిత్తిలోకి దిగి న్యుమోనియా తెస్తుంది. డాక్టర్ యాంటీబయాటిక్ ఇచ్చారు. పాము మళ్లీ అదే పెట్టెలోకి వెళ్లింది. రక్తప్రసరణ మందంగా ఉంది, మూత్రపిండాలు నెమ్మదిగా పనిచేస్తున్నాయి, మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో లెక్క తప్పింది. మందు సూక్ష్మజీవిని కొంతవరకు అణిచినా, మిగతా పని పూర్తిచేయాల్సిన శరీరం నిద్రలో ఉంది. కోర్సు అయిపోయిన పది రోజులకు నోటి అంచున న్యుమోనియా బుడగలు మళ్లీ వస్తాయి. "మందు పనిచేయలేదు, ఇంకా గట్టిది రాయండి" అంటూ మళ్లీ క్లినిక్‌కి. ఈ చక్రం ఎన్నిసార్లు తిరిగినా తేలదు. పాములకు వాడే మందుల మోతాదులన్నీ పాము దానికి తగిన వేడిలో ఉందనుకుని వేసిన లెక్కలే మరి.

కొలిచే పద్ధతి కూడా చూసుకోవాలి. పెట్టె గోడకు అతికించే గుండ్రటి ముల్లు మీటర్లు గాలి వేడిని, అదీ ఉజ్జాయింపుగా చూపిస్తాయి. పాము పడుకునేది నేల మీద. సెన్సర్ వైరును ఆ చోట ఉంచి డిజిటల్ మీటర్‌తో కొలిస్తేనే సంగతి తెలుస్తుంది. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్, వేడి రాయి, తాకేంత దగ్గర్లో బల్బు ఉంటే ఇబ్బంది రెండోవైపు నుంచి వస్తుంది. పొట్ట కింద చర్మం కాలుతున్నా పాము అక్కడే పడుకుని ఉండటం ఈ డాక్టర్లకు బాగా అలవాటైన కేసు. కాలిన పొలుసులు మొదట గులాబీ రంగులోకి, తర్వాత గోధుమ రంగులోకి మారతాయి. అసలు లోతు ఎంతో కొన్ని రోజులు గడిస్తేగానీ బయటపడదు. మానడానికి నెలలు, ఒక్కోసారి కొన్ని కుబుసాలు పడుతుంది.

ఆగొచ్చా, ఆగకూడదా

ఎక్కువ కంగారు పెట్టేది తిండి మానేయడం. చాలాసార్లు అంత కంగారు అక్కర్లేనిదీ అదే. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారినప్పుడు పాములు సాధారణంగా తినవు. బాల్ పైథాన్లు, ముఖ్యంగా జతకట్టే కాలంలో మగవి, నెలల పాటు ఎలుకను కన్నెత్తి చూడవు. గుడ్లతో ఉన్న ఆడవీ అంతే. "ఎన్నాళ్లుగా తినడం లేదు" అన్న ప్రశ్నకంటే "బరువు ఎంత తగ్గింది" అన్నది గట్టి ప్రశ్న. వంటింట్లో వాడే గ్రాముల త్రాసు లాంటిది ఒకటి పాముకే ప్రత్యేకంగా కేటాయించి, రెండు వారాలకొకసారి తూచి రాసిపెట్టుకుంటే చాలు. మూడు నెలలు తినకపోయినా బరువు నిలకడగా ఉంటే ఆగొచ్చు. పదో వంతు బరువు పోయినా, వెన్నుపూస తేలి ఒళ్లు పైకప్పులా వాలుగా కనిపించినా ఆగకూడదు.

ఊపిరి ఇబ్బంది విషయంలో ఆగడానికి వీల్లేదు. పాముకు మనకున్నట్టు ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు తెర, డయాఫ్రమ్, లేదు. కాబట్టి దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. బోవాలకు, పైథాన్లకు రెండు ఊపిరితిత్తులున్నా కార్న్ స్నేక్ లాంటి వాటికి పనిచేసేది కుడిదొక్కటే. పొడవైన ఆ సంచిలో చేరిన ద్రవం అక్కడే ఉండిపోతుంది. అందుకే నోటి అంచున బుడగలు, జిగురు, ఈల లాంటి శబ్దం, తల పైకెత్తి నోరు తెరిచి ఊపిరి తీయడం కనబడితే జబ్బు అప్పటికే లోపల స్థిరపడిందని అర్థం. కుబుసం ముందు కొద్దిగా ఈల వినిపించడం వేరు, కుబుసం విడిచాక కూడా అది పోకపోవడం వేరు.

తిన్నది కక్కేస్తే మొదట చూడాల్సింది వేడి, ఎర సైజు, తిన్నాక పామును చేతిలోకి తీసుకున్నారా అన్నది. ఒకసారి జరిగితే పది, పదిహేను రోజులు కడుపుకు విశ్రాంతినిచ్చి, చిన్న ఎరతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. రెండోసారీ మూడోసారీ కక్కి, ఒళ్లు మధ్యలో గట్టిగా ఉబ్బినట్టు తగిలితే క్రిప్టోస్పోరిడియం సెర్పెంటిస్ (పొట్టిగా క్రిప్టో) అనే పరాన్నజీవిని అనుమానించాలి. అది జీర్ణాశయం గోడను దళసరి చేస్తుంది. నమ్మకంగా నయం చేసే మందు దానికి లేదు. మామూలు క్రిమిసంహారకాలకూ చావదు. అందుకే ఆ అనుమానం వచ్చిన రోజు నుంచే ఆ పాము సామాను మిగతా పాముల దగ్గరికి వెళ్లకూడదు.

తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నట్టు ఉండిపోవడం, వెల్లకిలా తిప్పితే మామూలు స్థితికి రాలేకపోవడం, తల మెలికలు తిరగడం నరాలకు సంబంధించిన గుర్తులు. వీటి వెనక వైరస్ ఉండొచ్చు, పెట్టె విపరీతంగా వేడెక్కడం ఉండొచ్చు, గదిలో కొట్టిన పురుగుల మందు ఉండొచ్చు, మెట్రోనిడజోల్ లాంటి మందు ఎక్కువైపోవడమూ ఉండొచ్చు. మలద్వారం నుంచి కండ బయటికి జారడం, గుడ్లు సగం పెట్టి ఆగిపోవడం, ఎర ఎలుకే పామును కొరికి గాయం చేయడం, కాలిన గాయం... ఇవన్నీ ఆ రోజే చూపించాల్సినవి. బయటికొచ్చిన కండను సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గుడ్డతో కప్పి ఎండిపోకుండా తీసుకెళ్లాలి. ఇంట్లో వేలితో లోపలికి నెట్టకూడదు.

కంటి మీద ఉండిపోయిన పాత పొర గురించి ఒక మాట. దాన్ని పట్టకారుతోనో టేపుతోనో లాగేసే అలవాటు కొందరికుంది. పాముకు కనురెప్ప ఉండదు, కంటికి పారదర్శకమైన పొలుసే రక్షణ. పాత పొరతో పాటు అదీ ఊడితే కన్నే పోతుంది. తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా ఆగడమో, డాక్టర్ చేత తీయించడమో మేలు.

డాక్టర్‌ను ముందే వెతికిపెట్టుకోవాలి

పాముకు జబ్బు చేసిన రాత్రి డాక్టర్ పేరు వెతకడం మొదలుపెడితే దొరికినవాళ్లతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది. పాము ఇంటికి వచ్చిన నెలలోనే ఈ పని పూర్తిచేసుకోవాలి. సరీసృపాల, ఉభయచరాల వైద్యులకు 1991లో మొదలైన అంతర్జాతీయ సంఘం ఉంది: అసోసియేషన్ ఆఫ్ రెప్టీలియన్ అండ్ యాంఫీబియన్ వెటరినేరియన్స్. దేశాలవారీగా తన సభ్యుల జాబితాను అది అందరికీ అందుబాటులో ఉంచుతుంది. సభ్యత్వం ఉన్నంత మాత్రాన నిపుణులు అయిపోరు. ఆసక్తి ఉందనడానికి అది ఆధారం, అంతే. అమెరికన్ బోర్డ్ ఆఫ్ వెటర్నరీ ప్రాక్టీషనర్స్ సరీసృపాలకు, ఉభయచరాలకు ప్రత్యేకంగా ఇచ్చే గుర్తింపు, యూరోపియన్ కాలేజ్ ఆఫ్ జూలాజికల్ మెడిసిన్ హెర్పటాలజీలో, అంటే సరీసృపాల, ఉభయచరాల విభాగంలో ఇచ్చే అర్హత మాత్రం కష్టపడి తెచ్చుకునేవి. అలాంటివాళ్లు లోకంలో కొద్దిమందే. జూ డాక్టర్లు, వెటర్నరీ కాలేజీల బోధనాసుపత్రులు, పాముల రక్షణ కేంద్రాలకు వైద్యం చేసేవాళ్లు ఆ తర్వాత వెతకాల్సిన చోట్లు.

ఫోన్‌లో అడగాల్సినవి ఎక్కువేం లేవు. నెలలో ఎన్ని పాముల్ని చూస్తారు? గ్రాముల్లో తూచే త్రాసు ఉందా? పామును ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తే వేడి అదుపులో ఉండే పెట్టె ఉందా? మత్తు దేనితో ఇస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలా విషయాలు చెప్పేస్తుంది. పాము నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టగలదు. కాబట్టి కుక్కకు పెట్టినట్టు ముఖానికి మాస్కు పెట్టి మత్తు వాయువు వదిలితే గంట గడిచినా పడుకోకపోవచ్చు. తెలిసినవాళ్లు ముందు ప్రొపోఫోల్ లాంటి ఇంజెక్షన్‌తో మత్తెక్కించి, నోటి ముందు భాగంలోనే కనిపించే శ్వాసరంధ్రంలోకి గొట్టం వేసి, ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు ఇస్తూ, పాము బదులు తామే ఊపిరి ఆడిస్తారు. "ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిస్తే కదలదు" అనే జవాబు ఈ రోజుల్లోనూ ఎక్కడైనా వినబడితే అక్కడినుంచి వచ్చేయాలి. చల్లబడిన పాము కదలలేదు గానీ నొప్పి దానికి తెలియదనడానికి లేదు.

నిపుణులు దొరకని చోట మధ్యేమార్గం ఒకటుంది. తెలియదని ఒప్పుకుంటూనే నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్న స్థానిక డాక్టర్ ఒకరు, ఆయన ఫోన్ చేసి సలహా తీసుకోగల నిపుణుడు మరొకరు. పరీక్షలు ఇక్కడ జరుగుతాయి, ఫలితాలు చదివేది అక్కడ. చేతిలో పాము లేకుండా ఫోటోలు చూసి మందు చెప్పేసే వైద్యం కంటే ఇది ఎంతో నమ్మదగినది. మరో అడ్డంకి చట్టం. కొన్ని జాతుల్ని ఇంట్లో ఉంచుకోవడానికి చాలా దేశాల్లో లైసెన్స్ కావాలి, కొన్నింటిని అసలు ఉంచుకోకూడదు. కాగితాలు లేనివాళ్లు భయంతో డాక్టర్ దగ్గరికే వెళ్లరు. ఆ భయం భారమంతా పాము మీదే పడుతుంది. విషపాముల సంగతి మరీ ఇబ్బంది, వాటిని పట్టుకునే సిబ్బంది, విరుగుడు మందు సిద్ధంగా లేని క్లినిక్ కాదనడంలో తప్పేమీ లేదు.

క్లినిక్ గదిలో

తీసుకెళ్లే పద్ధతి సులువే. కుట్టు ఊడని గుడ్డ సంచిలో పామును వేసి మూతి కట్టి, ఆ సంచిని గాలి ఆడే థర్మోకోల్ పెట్టెలో ఉంచాలి. చలి రోజైతే వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి, పాముకు తగలకుండా పక్కన పెట్టాలి. తిన్న ఒకటి రెండు రోజుల్లో ప్రయాణం పెట్టుకుంటే దారిలోనే కక్కేసే అవకాశం ఎక్కువ. పాముతో పాటు వెళ్లాల్సినవి ఇంకా ఉన్నాయి: పెట్టె ఫోటోలు, బరువుల పుస్తకం, తాజా విసర్జన ఉంటే చిన్న డబ్బాలో, చివరి కుబుసం, నోరు తెరిచి ఊపిరి తీస్తున్న వీడియో. టేబుల్ మీదికి రాగానే పాము ఆ పని మానేసి బుద్ధిమంతురాలిలా ఉండటం మామూలే.

మంచి పరీక్ష తల నుంచి తోక దాకా సాగుతుంది. ఒంట్లో బిగువు ఉందా, నోటి లోపల రక్తపు చుక్కలో చీమో ఉన్నాయా, పొలుసుల సందుల్లో, కళ్ల చుట్టూ నల్లటి చుక్కల్లా పేలు కదులుతున్నాయా, పొట్ట మీద వేళ్లు నడిపితే గడ్డలేమైనా తగులుతున్నాయా అని చూస్తారు. గుండె చప్పుడు వినడానికి స్టెతస్కోప్ పాములకు అంతగా పనికిరాదు, రక్తం కదలికను శబ్దంగా వినిపించే డాప్లర్ పరికరం వాడతారు. పాము చీము నీళ్లలా కారదు. దాన్ని కరిగించే ఎంజైములు వాటి తెల్లకణాల్లో తక్కువ కాబట్టి గట్టి జున్నుముక్కలా గడ్డకడుతుంది. ఆ ముద్ద లోపలికి మందు సరిగ్గా చేరదు, కోసి తీయాల్సిందే. "చిన్న గడ్డకు ఆపరేషనా" అని ఆశ్చర్యపోయేవాళ్లకు కారణం ఇదీ.

రక్తపరీక్ష దగ్గర పాముల లెక్క పూర్తిగా వేరు. పాముల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది, మన ఎర్రకణాల్లో ఉండదు. మనుషులకో కుక్కలకో తయారుచేసిన కౌంటింగ్ మెషీన్ ఆ కేంద్రకాలను చూసి తప్పుడు అంకెలు ఇస్తుంది. ఒకరు మైక్రోస్కోప్ ముందు కూర్చుని, స్లైడ్ మీది కణాలను కంటితో చూసి లెక్కించాల్సిందే. కాబట్టి "మా ల్యాబ్‌లోనే పావుగంటలో రిపోర్ట్" అన్న మాటకు పాముల విషయంలో పొంగిపోనక్కర్లేదు. తీయగలిగే రక్తం కూడా తక్కువ. వంద గ్రాముల పాము ఒంట్లో ఉండేదే 5 నుంచి 8 మిల్లీలీటర్లు, అందులో పదో వంతు మించి తీయకూడదు. తోక అడుగున ఉండే రక్తనాళం నుంచి గానీ, నేరుగా గుండె నుంచి గానీ తీస్తారు. గుండెలో సూది అనగానే యజమాని ప్రాణం పైకిపోతుంది. అనుభవం ఉన్న చేతికి మాత్రం అది రోజువారీ పనే.

ఏ పరీక్ష చేయించాలన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న కాబట్టి మొహమాటం లేకుండా ఒకటి అడగాలి: "ఈ ఫలితం ఎలా వచ్చినా వైద్యం మారుతుందా?" ఊపిరితిత్తి జబ్బుకు శ్వాసనాళం కడిగి తీసిన ద్రవాన్ని కల్చర్ చేస్తే, అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూస్తే, మారుతుంది, ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో తేలుతుంది. నోట్లోంచి తుడిచిన నమూనాలో ఏదో ఒక బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దానికంత విలువ లేదు. పైథాన్ అయితే నోటి నమూనాతోనే నిడోవైరస్ కోసం పీసీఆర్, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష, చేయించడం తెలివైన పని. 2014లో బయటపడిన ఈ వైరస్ పైథాన్లలో న్యుమోనియాకు ముఖ్య కారణాల్లో ఒకటి. యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇస్తున్నా తగ్గని కేసుల వెనక ఇదే దాక్కుని ఉండొచ్చు. బోవాల విషయంలో ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ గురించి అడగాలి. 1970ల నుంచే తెలిసిన ఈ జబ్బుకు అరీనావైరస్ జాతి వైరస్ కారణమని తేలింది మాత్రం 2012లో. బోవా సంవత్సరాల తరబడి పైకి ఏమీ కనబడకుండా దాన్ని మోయగలదు, పైథాన్‌కు సోకితే నరాల జబ్బు త్వరగా ముదురుతుంది. క్రిప్టో పరీక్ష ఒకసారి నెగెటివ్ వస్తే ఊపిరి పీల్చుకోకూడదు. ఆ జీవి రోజూ బయటికి రాదు, పరీక్ష మళ్లీ చేయాలి.

సిరంజి చేతికొచ్చాక

మోతాదు గ్రాముల మీద నడుస్తుంది. 80 గ్రాముల పిల్లపాముకు కంటి అంచనాతో మందు ఇస్తే ఎక్కువైనా కావచ్చు, చాలకపోయినా కావచ్చు. పాముల్లో బాగా వాడే సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మూడు రోజులకొకసారి చాలు, పాము శరీరం దాన్ని అంత నెమ్మదిగా వదులుతుంది. రోజుకు రెండుసార్లు అని రాసి ఉన్న చీటీ కనబడితే అది ఇంకో జంతువు లెక్కేమో అని అడగడంలో తప్పులేదు. సూదిని ఒంటి ముందు సగంలోనే వేసే ఆనవాయితీకీ కారణం ఉంది. పాముల వెనక భాగం నుంచి వచ్చే రక్తం గుండెకు చేరేముందు మూత్రపిండాల గుండా వెళ్లే దారి ఉంటుంది. అక్కడ పొడిచిన మందు వడగట్టబడి వృథా కావచ్చు, మూత్రపిండాలకే చేటు కావచ్చు. ఈ భయం అనుకున్నంత పెద్దది కాకపోవచ్చని తర్వాతి పరిశోధనలు సూచించినా, ముందు సగంలో వేయడం వల్ల పోయేదేం లేదు కాబట్టి ఆనవాయితీ నిలబడింది.

కొన్ని మందుల పేర్లు గుర్తుపెట్టుకోదగ్గవి. ఎన్రోఫ్లాక్సాసిన్ మంచి యాంటీబయాటికే, కానీ కండలో పొడిస్తే మండుతుంది, పొడిచిన చోట కండ చచ్చిపోయి మచ్చ పడుతుంది. అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు మూత్రపిండాలను దెబ్బతీయగలవు, ఒంట్లో నీరు తగ్గిన పాముకు ముందు ద్రవాలు ఎక్కించకుండా వీటిని మొదలుపెట్టడం ప్రమాదం. పేలను, పురుగులను చంపే ఐవర్‌మెక్టిన్ తాబేళ్ల ప్రాణం తీస్తుంది. పాముల్లో జాగ్రత్తగా వాడేవాళ్లున్నా, ఒకే గదిలో తాబేలు కూడా ఉంటే స్ప్రే మాటే ఎత్తకూడదు. పాముపేను, అంటే ఒఫియోనిసస్ నాట్రిసిస్, ఒంటి మీద కంటే పెట్టె సందుల్లోనే గుడ్లు పెడుతుంది కాబట్టి పామును ఎంత కడిగినా పెట్టెను వదిలేస్తే రెండు వారాలకు మళ్లీ అదే కథ. నొప్పి తగ్గించే మందుల దగ్గర వైద్యశాస్త్రమే ఇంకా తడుముకుంటోంది. కుక్కలకు బాగా పనిచేసే కొన్ని నొప్పి మందులకు పాముల్లో స్పష్టమైన ఫలితం కనబడలేదు. అయినా ఆపరేషన్ అయిన పాముకు నొప్పికి ఏం ఇస్తున్నారని అడగాలి. "పాములకు నొప్పి ఉండదు" అనే జవాబు ఒప్పుకోదగ్గది కాదు.

మూడు రోజులకొకసారి వారాల పాటు క్లినిక్‌కి తిప్పడం పాముకే టెన్షన్. అందుకే ఇంట్లో ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పమని అడగడం మామూలే, చాలామంది డాక్టర్లు నేర్పుతారు కూడా. ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు, తేదీ గోడ మీద రాసుకుంటూ. బుడగలు ఆగిపోయాయని మధ్యలో మానేయడం దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. పాము కోలుకోవడం కూడా దాని నడకలాగే తొందరపడదు. ఈలోగా బలవంతంగా గొంతులోకి ఎర తోయడం, "బలం వస్తుంది" అని విటమిన్లు కుక్కడం చేటు చేసే ప్రేమ. నీళ్లు ఒంటికి పట్టాక, వేడి సరిపడ్డాక, ఎంత చిన్న ఎరతో మొదలుపెట్టాలో డాక్టర్ చెప్పాకే తిండి.

ఇంట్లో ఉన్న మిగతా పాములకు, మనుషులకు కూడా ఈ వైద్యంలో వాటా ఉంది. జబ్బు పామును వేరే గదిలో పెట్టి, దాన్ని అన్నిటికంటే చివర్లో చూసుకోవాలి. పటకార్లు, గిన్నెలు వేరుగా ఉండాలి. కొత్తగా వచ్చిన పామును మూడు నెలలు విడిగా ఉంచే పద్ధతి ఇందుకే వచ్చింది. ఆరోగ్యంగా కనబడే సరీసృపాల పేగుల్లోనూ సాల్మొనెల్లా ఉంటుంది. అమెరికాలో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించింది ఆ కారణంతోనే. విరేచనాలవుతున్న పామును వంటింటి సింక్‌లో కడగడం, ఐదేళ్లలోపు పిల్లల చేతికివ్వడం రెండూ కూడదు.

అన్నీ చేసినా కొన్ని పాములు బతకవు. ముదిరిన క్రిప్టో, నరాలకెక్కిన వైరస్ ఉన్నప్పుడు ప్రశాంతంగా ముగించడం గురించి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది. ప్రాణంతో, స్పృహలో ఉన్న పామును ఫ్రీజర్‌లో పెట్టడం నొప్పిలేని చావు కాదు, వెటర్నరీ సంఘాల మార్గదర్శకాలు దాన్ని ఒప్పుకోవు. పాము మెదడు ఆక్సిజన్ లేకుండా చాలాసేపు తట్టుకోగలదు కాబట్టి డాక్టర్లు ముందు మత్తిచ్చి, ఆ తర్వాత రెండో ఇంజెక్షన్ వేసి, డాప్లర్‌తో గుండెను వింటారు. చచ్చిపోయిందనుకున్న పాము గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండటం వాళ్లకు కొత్త కాదు. ఇంట్లో ఇంకో పాము ఉంటే పోస్ట్‌మార్టమ్ చేయించాలి. అందుకు శరీరాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టి ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కు చేర్చాలి. ఫ్రీజర్‌లో గడ్డకడితే కణాలు పగిలి, మైక్రోస్కోప్ కింద చూడటానికి ఏమీ మిగలదు. రిపోర్ట్ వచ్చాక ఆ రెండో పాము నోటి నమూనా తీయాలా, రక్తం తీయాలా, పెట్టె మొత్తం పారేయాలా అన్నది తేలుతుంది.